బెంగళూరులో సొంతిల్లు: ఫోన్‌తో ఇల్లు వెతకడం ఎలా?

ఆదివారం పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండా మారతహళ్లి నుంచి బయలుదేరేవాళ్లం. గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని తీరా అక్కడికి వెళ్తే, "ఆ ఫ్లాట్ నిన్ననే అయిపోయింది మేడమ్, పక్క బిల్డింగులో ఇంకోటి ఉంది, చూస్తారా?" అనేవాళ్లు. ఎనిమిది నెలల్లో నేనూ మా ఆయనా కలిసి నలభైకి పైగా ఇళ్లు చూశాం. అందులో ముప్పై ఇళ్లకు అసలు గడప దాకా వెళ్లాల్సిన పనే లేదు. రాత్రి భోజనాలయ్యాక అరగంట ఫోన్ పట్టుకుని కూర్చుంటే తేలిపోయేవే అన్నీ. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు వెతుకుతున్నవాళ్ల ఆదివారాలైనా మిగలాలని ఇదంతా రాస్తున్నాను.

ప్రకటనల యాప్‌లో కనిపించేది అమ్మేవాళ్లు మనకు చూపించాలనుకున్నది. వాళ్లు చూపించనిది కూడా అదే ఫోన్‌లో దొరుకుతుంది. కాకపోతే రెరా (ఇళ్ల ప్రాజెక్టుల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) సైట్, కావేరి పోర్టల్ (కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ సైట్), మ్యాప్, యూట్యూబ్... ఇలా వేరేవేరే చోట్ల ఉంటుంది. అక్కడ ఎలా చూడాలో తెలిస్తే సగం పని అయినట్టే.

1. ముందు ఒక కొత్త నంబరు

నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99 ఏకర్స్, హౌసింగ్ డాట్ కామ్ లాంటి యాప్‌లలో ఒక్క ఇంటి వివరాలు అడిగామంటే చాలు, సాయంత్రానికి పది కాల్స్ వస్తాయి. ఆఫీసు మీటింగులో ఉన్నా ఆగవు. అందుకే ఇల్లు వెతకడానికి విడిగా ఒక సిమ్ గానీ ఈ-సిమ్ గానీ తీసుకోండి. బ్యాంకుకు, ఆధార్‌కు లింకైన నంబరు ఎక్కడా ఇవ్వకండి. కొత్త నంబరుతోనే వాట్సాప్ బిజినెస్ పెట్టుకుంటే పాత వాట్సాప్ అలాగే ఉంటుంది, ఇళ్ల సంగతులన్నీ ఒకచోట ఉంటాయి. ఇల్లు కొన్నాక ఆ సిమ్ తీసి పక్కన పడేయొచ్చు.

2. ఏరియాను దూరంతో కాదు, టైముతో ఎంచుకోండి

బెంగళూరులో కిలోమీటర్ల లెక్క పనికిరాదు. గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి నుంచి ఆఫీసుకు దారి పెట్టి, పైన మూడు చుక్కలు నొక్కితే బయలుదేరే సమయం మార్చుకునే వీలుంటుంది. అక్కడ మంగళవారమో బుధవారమో ఉదయం 8:45 పెట్టి చూడండి. తర్వాత సాయంత్రం 6:30కి ఆఫీసు నుంచి ఇంటికి పెట్టి చూడండి. మ్యాప్ ఒక్క అంకె చెప్పదు, "40 నుంచి 85 నిమిషాలు" అన్నట్టు చెబుతుంది. అందులో పెద్ద అంకెనే నమ్మండి. పణత్తూరు రైల్వే అండర్‌పాస్, సిల్క్ బోర్డ్ లాంటి చోట్లు దారిలో ఉంటే ఈ రెండు అంకెల మధ్య తేడా చూసి కళ్లు తిరుగుతాయి.

"మెట్రోకు ఐదు నిమిషాలు" అని దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. మ్యాప్‌లో నడక గుర్తు నొక్కి చూడండి. ఆ స్టేషన్ నడుస్తోందా, ఇంకా కడుతున్నారా అన్నదీ చూడండి. పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది. ఆర్‌వీ రోడ్ నుంచి సిల్క్ బోర్డ్, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వెళ్లే యెల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. రైళ్లు నడుస్తున్న లైను పక్కన ఇల్లు వేరు, రాబోయే లైను పక్కన ఇల్లు వేరు. రాబోయే దానికి ఈరోజే ధర కట్టకండి.

స్ట్రీట్ వ్యూ కూడా వాడండి. రోడ్డు ఎంత వెడల్పుంది, కారు ఎదురొస్తే పక్కకు తప్పుకునే చోటుందా, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది, చెత్త ఎక్కడ పోస్తున్నారు అన్నవి ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఆ ఫొటో ఏ నెలలో తీసిందో కూడా అందులోనే రాసి ఉంటుంది.

3. ఫొటోల్లో టైల్స్ లెక్కపెట్టండి

ప్రకటనల్లో ఫొటోలు వైడ్ యాంగిల్‌లో తీస్తారు. పది అడుగుల బెడ్‌రూమ్ కల్యాణ మండపంలా కనిపిస్తుంది. దీనికి నాకు దొరికిన ఉపాయం ఒకటుంది: నేల మీద టైల్స్ లెక్కపెట్టడం. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా రెండడుగుల చదరపు టైల్సే వేస్తారు. ఫొటోను పెద్దది చేసి గోడ నుంచి గోడకు ఎన్ని టైల్స్ పట్టాయో చూడండి. ఐదు వస్తే గది పదడుగులు, అంతే. కొత్త బిల్డింగుల్లో ఇంకాస్త పెద్ద టైల్స్ వేస్తున్నారు కాబట్టి సైజు ఒకసారి అడిగి తెలుసుకోండి. "విశాలమైన మాస్టర్ బెడ్‌రూమ్" అన్న ఒక ఇంట్లో నాలుగున్నర టైల్స్ లెక్క తేలింది. మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. ఆ ఆదివారం మాకు మిగిలింది.

ఫొటో మీద అనుమానం వస్తే స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే హాలు మూడు ఏరియాల్లో మూడు ధరలకు అమ్మకానికి ఉంటే అక్కడితో వదిలేయండి. "ఓనర్" అని రాసున్న ప్రకటనల్లో చాలా మటుకు బ్రోకర్లవే ఉంటాయి. బ్రోకర్ అయినంత మాత్రాన తప్పేం లేదు, మంచివాళ్లు దొరికితే పని తేలికవుతుంది. కమీషన్ ధరలో 1 శాతమా, 2 శాతమా, ఎప్పుడు ఇవ్వాలి అన్నది మాత్రం మొదటి రోజే వాట్సాప్‌లో రాయించుకోండి.

4. ధర లెక్క: క్యాలిక్యులేటర్ తీయండి

ఇక్కడ చాలామంది మోసపోతారు. మేమూ మోసపోబోయాం. ప్రకటనలో చెప్పే చదరపు అడుగులు సాధారణంగా సూపర్ బిల్టప్. అంటే లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా కూడా మన ఖాతాలో వేస్తారు. మనం కాలు పెట్టి తిరిగేది కార్పెట్ ఏరియా. రెరా చట్టం ప్రకారం అందులో లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు.

మేం చూసిన రెండు ఇళ్ల లెక్క ఇది. మొదటిది 1,250 అడుగులు, కోటీ 5 లక్షలు. అడుగు 8,400 రూపాయలు పడుతుంది. రెండోది 1,180 అడుగులు, కోటీ 2 లక్షలు. అడుగు 8,644. మొదటిదే చవక అనిపిస్తుంది కదా? కార్పెట్ ఏరియా అడిగాం. మొదటి దాంట్లో 860, రెండో దాంట్లో 885. ఇప్పుడు లెక్కవేస్తే మొదటిది అడుగు 12,209, రెండోది 11,525. ఎక్కువ డబ్బు పెట్టి చిన్న ఇల్లు కొనబోయామన్నమాట. అప్పటి నుంచి నేను గూగుల్ షీట్‌లో ఒక పట్టిక పెట్టాను. అందులో సూపర్ బిల్టప్ అనే గడే లేదు. మా ఆయన ఫోన్‌లోనూ అదే షీట్ తెరుచుకుంటుంది కాబట్టి ఎవరు ఏ ఇల్లు చూసినా ఇద్దరికీ తెలిసేది.

అదే షీట్‌లో పై ఖర్చులు కూడా వేయండి. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఇంటికి స్టాంపు డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌ఛార్జీ కలిపితే 5.6 శాతం అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం నుంచి 2 శాతానికి పెంచారు. కోటీ 2 లక్షల ఇంటికి ఈ రెండే 7 లక్షల 75 వేలు దాటుతాయి. ఇంకా కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. ఓసీ (కట్టడం పూర్తయింది, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే అనుమతి పత్రం) వచ్చేశాక కొంటే జీఎస్టీ ఉండదు.

5. చూడ్డానికి వెళ్లేముందు ఈ మెసేజ్ పంపండి

నేను ఒక మెసేజ్ రాసి దాచుకుని, ప్రతి ఒక్కరికీ అదే పంపేదాన్ని:

"నమస్తే అండీ. మీ 2 బీహెచ్‌కే ప్రకటన చూశాం. మేం ఉండడానికే కొంటున్నాం, లోన్ తీసుకుంటాం. రావడానికి ముందు కొన్ని వివరాలు చెప్పగలరా? కార్పెట్ ఏరియా ఎంత? ఏ ఖాతానా, బీ ఖాతానా? ఈ-ఖాతా వచ్చిందా? ఓసీ ఉందా? ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, లోన్ ఏమైనా నడుస్తోందా? కావేరి నీళ్ల కనెక్షన్ ఉందా? మెయింటెనెన్స్ నెలకు ఎంత? కారు పార్కింగ్ సేల్ డీడ్‌లో రాసి ఉందా?"

ఖాతా అంటే ఏమిటో ఏడో భాగంలో చెబుతాను. నిజంగా అమ్మాలనుకున్న ఓనర్లు ఆ రాత్రికే ఒక్కొక్కదానికి జవాబిస్తారు. "రండి మేడమ్, వచ్చాక మాట్లాడుకుందాం" అన్నవాళ్ల దగ్గరికి మేం వెళ్లడం మానేశాం. జవాబు ఇంగ్లీషులో వచ్చినా కన్నడలో వచ్చినా రాతపూర్వకంగా ఉండడం ముఖ్యం. నోటిమాటగా చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

6. వాన, నీళ్లు

బెంగళూరులో ఇల్లు కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ సేపు కూర్చుని చూడాల్సింది ఇదే. ధర కాస్త ఎక్కువైతే సర్దుకోవచ్చు, వాస్తు కాస్త అటూఇటూ అయితే సరిచేసుకోవచ్చు. వానాకాలం సెల్లార్‌లోకి నీళ్లొచ్చే ఇంటిని, ఎండాకాలం కుళాయిలో నీళ్లురాని ఇంటిని ఏం చేసినా బాగుచేయలేం.

2022 సెప్టెంబరు వానలకు సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు, మహదేవపుర వైపు కోట్ల విలువైన విల్లాల్లోకి కూడా నీళ్లొచ్చాయి. జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద బయటికి తెచ్చిన దృశ్యాలు మనమందరం టీవీలో చూశాం. మీరు చూస్తున్న లేఅవుట్ పేరు, పక్కన "2022 ఫ్లడ్" అని యూట్యూబ్‌లో కొట్టండి. ప్రకటనలో ఎవరూ చెప్పని గల్లీలు అక్కడ కనిపిస్తాయి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ అపార్ట్‌మెంట్ రివ్యూలు తెరిచి "వాటర్", "ట్యాంకర్", "సీపేజ్" అని వెతకండి, కొత్త రివ్యూలు ముందు వచ్చేలా పెట్టుకోండి.

తర్వాత దిశాంక్ అనే యాప్ వేసుకోండి. కర్ణాటక ప్రభుత్వానిదే. ఆ స్థలంలో నిల్చుని తెరిస్తే మీ కాళ్ల కింద ఉన్న నేల సర్వే నంబరు చెబుతుంది. పక్కన చెరువు గానీ రాజకాలువె గానీ ఉంటే గ్రామ పటంలో తెలుస్తుంది. చెరువుల మధ్య వాన నీళ్లు పారే పెద్ద కాలువనే ఇక్కడ రాజకాలువె అంటారు. దాన్ని ఆనుకుని కట్టిన ఇంటికి వరద భయమూ ఉంటుంది, కూల్చివేత నోటీసు భయమూ ఉంటుంది. సర్వే నంబరు దొరికితే పహణి కూడా చూసుకోవచ్చు. మన అడంగల్‌నే ఇక్కడ పహణి అంటారు.

ఇక ఎండాకాలం. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పరుగెత్తింది. తాగునీళ్లతో కార్లు కడిగితే జలమండలి 5,000 రూపాయల జరిమానా వేసింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలై, నగర పాలికెలో (కార్పొరేషన్‌లో) తర్వాత కలిసిన 110 గ్రామాలకు నీళ్లిచ్చే ఏర్పాటు జరిగింది. లైను వీధిలోకి రావడం ఒకటి, అపార్ట్‌మెంట్ సంపులో నీళ్లు పడటం ఇంకొకటి. అందుకని ఓనర్‌ను ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లు ఫొటో తీసి పంపమని అడగండి. ట్యాంకర్ ఖర్చు అందులో దాగదు.

వర్తూరు వైపు ఒక అపార్ట్‌మెంట్ మాకు బాగా నచ్చింది. బ్రోకర్ "నీళ్లకేం కొదవ లేదు" అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి మేమిద్దరమే మళ్లీ వెళ్లి గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట కలిపాం. ఆయనది కర్నూలు వైపు. తెలుగు వినగానే కుర్చీ జరిపాడు. "నీళ్లా అక్కా? ఎండాకాలంలో రోజుకు పదీ పన్నెండు ట్యాంకర్లు వస్తాయి. ఇదిగో, రాసుకుంటాం కదా" అని అట్టలు ఊడిన నోటుబుక్కు తిప్పి చూపించాడు. తేదీ, ట్యాంకర్ నంబరు, టైము, సంతకం. ఏప్రిల్ పేజీల్లో ఒక్క ఖాళీ గీత లేదు. మేం ఆ ఇల్లు వదిలేశాం.

7. రెరా, ఖాతా, ఈసీ: మూడూ ఫోన్‌లోనే

కొత్త ప్రాజెక్టయితే ప్రకటనలో రెరా నంబరు ఉండి తీరాలి. 500 చదరపు మీటర్ల కంటే పెద్ద స్థలంలో ఎనిమిది ఫ్లాట్లకు మించి కడితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కర్ణాటక రెరా సైట్‌లో ఆ నంబరుతోనే వెతకండి. బోర్డు మీద పేరు ఒకటి, రిజిస్ట్రేషన్‌లో పేరు ఇంకొకటి ఉండొచ్చు. ప్లాను, ఎప్పటికి పూర్తిచేస్తామని రాసిచ్చారు, ఎన్నిసార్లు గడువు పెంచుకున్నారు అన్నవి చూడండి. బిల్డర్ మీద ఫిర్యాదులున్నాయేమో కూడా చూడండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అమ్మేవాళ్ల పేరుతో కేసులు వెతకొచ్చు. పాత రీసేల్ ఫ్లాట్లు చాలావరకు రెరాలో ఉండవు. వాటికి ఓసీయే ప్రాణం. ఓసీ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి "అది వచ్చేస్తుంది మేడమ్" అన్న మాట మీద డబ్బు కట్టకండి.

ఖాతా అంటే ఇంటి పన్ను కోసం నగర పాలికె రికార్డుల్లో ఆ ఆస్తి ఎవరి పేర ఉందో చెప్పే కాగితం. ఇందులో 'ఏ', 'బీ' అని రెండు రకాలు. 'ఏ' ఖాతా అయితే అనుమతులు సవ్యంగా ఉన్నట్టు లెక్క. బీ ఖాతాకు చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు. 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా (ఆన్‌లైన్‌లో ఇచ్చే ఖాతా) లేనిదే రిజిస్ట్రేషన్ జరగడం లేదు. ఊరి బయట పంచాయతీ పరిధిలో అయితే ఈ-స్వత్తులో (పంచాయతీ ఆస్తుల ఆన్‌లైన్ రికార్డులో) వచ్చే ఫారం 9, ఫారం 11 అడగండి. 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు పాలికెలు వచ్చాయి కాబట్టి మీ ఇల్లు ఏ పాలికె కిందికి వస్తుందో కూడా కనుక్కోండి.

ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాలు చెప్పే పత్రం. దాని కోసం కావేరి పోర్టల్‌లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి దరఖాస్తు పెడితే, డిజిటల్ సంతకంతో ఫోన్‌కే వస్తుంది. లావాదేవీలుంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16. బ్యాంకు తనఖా పెట్టి ఉంటే సాధారణంగా ఇందులో బయటపడుతుంది. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు మాత్రం ఇందులో ఉండవు.

కాగితాలన్నీ కన్నడంలో ఉంటాయని టెన్షన్ పడకండి. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గర చుట్టాలే, ఓపిగ్గా చూస్తే పేర్లు, అంకెలు చదివేయొచ్చు. మిగతాది గూగుల్ లెన్స్‌తో ఫొటో తీసి తెలుగులో చూసుకోవచ్చు. విషయం అర్థం కావడానికి అది చాలు, సంతకం పెట్టడానికి చాలదు. దానికి ఇక్కడి లాయర్ చదివి చెప్పాల్సిందే.

8. ఇంట్లోకి వెళ్లాక

ముందు గేటు మీది పేరు ఫొటో తీయండి, తర్వాత ఫ్లాట్ నంబరు. లేకపోతే రాత్రికి ఏ వంటిల్లు ఏ ఇంటిదో తెలియకుండా పోతుంది. లోపల ఎవరైనా కాపురముంటే అడిగే తీయండి.

టార్చ్ వేసి ఫోన్‌ను గోడకు ఆనించినట్టు పక్క నుంచి పట్టుకోండి. ఎదురుగా వేస్తే కనిపించని ఉబ్బులు, పెచ్చులు, చెమ్మ మీద కొత్తగా వేసిన రంగు నీడలు పడి బయటపడతాయి. బాత్‌రూమ్‌కు అవతలి వైపు గోడ, సింక్ కింద, కిటికీల కింది మూలలు తప్పకుండా చూడండి. ప్రతి గదిలో నిల్చుని మీ సొంత సిమ్‌తో ఒక కాల్ చేయండి, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇది చాలా అవసరం.

వాస్తు చూసేవాళ్లకు ఒక మాట. ఫోన్‌లో దిక్సూచి ఇనప తలుపుల దగ్గర, పిల్లర్ల దగ్గర తప్పు చూపిస్తుంది. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి బిల్డింగ్ ఎటు తిరిగి ఉందో చూసుకోవడం నయం. "ఈస్ట్ ఫేసింగ్" అంటే సింహద్వారమా, బాల్కనీనా అన్నది కూడా అడగండి. ప్రకటనల్లో రెండూ రాస్తారు.

వీలైతే అక్కడి నుంచే ఇంట్లో పెద్దవాళ్లకు వీడియో కాల్ చేయండి. ఒక ఇంట్లో మాకు అన్నీ కుదిరాయి. అనంతపురంలో అమ్మకు కాల్ చేసి హాలు, పూజ గది, అన్నీ తిప్పి చూపించాను. అమ్మ అంతా విని, "వంటింటి కిటికీ తియ్యమ్మా, బయట ఏముందో చూపించు" అంది. తీశాను. చెయ్యి చాపితే పక్కింటి గోడ తగిలింది. ఫొటోలో ఆ కిటికీకి తెల్లటి కర్టెన్ కట్టి, లైటు వేసి తీశారు. అప్పటికి మేం రెండుసార్లు వెళ్లొచ్చాం, ఆ కిటికీ తెరవాలని ఇద్దరికీ తోచలేదు. "పోపు వేస్తే ఘాటు ఎటు పోతుంది? వద్దులే తల్లీ" అంది అమ్మ.

9. డబ్బు మాట వచ్చినప్పుడు

ఇల్లు చూడకుండా, కాగితాలు చూడకుండా టోకెన్ పేరుతో వెయ్యి రూపాయలు కూడా ఫోన్‌లో పంపకండి. "నేను ఆర్మీలో ఉన్నాను, ఊళ్లో లేను, క్యూఆర్ కోడ్ పంపిస్తాను" అనే కథలు బాగా తిరుగుతున్నాయి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగిందంటే మన డబ్బు పోతున్నట్టే. రెరాలో ఉన్న ప్రాజెక్టులో రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. రీసేల్ అయితే టోకెన్ ఇచ్చేటప్పుడు, లోన్ రాకపోయినా కాగితాల్లో లోపం దొరికినా డబ్బు తిరిగిస్తామన్న ఒక వాక్యం రాయించుకోండి. కట్టేది ఎంతైనా బ్యాంకు ద్వారా, సేల్ డీడ్‌లో పేరున్న మనిషి ఖాతాకే పంపండి. ఇల్లు 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాల్సింది కొనేవాళ్లే.

కాగితాలను ఫోన్‌లో స్కాన్ చేసి, ఒక్కోదానికి తేదీతో పేరు పెట్టి లాయర్‌కు పంపండి. మదర్ డీడ్ (ఆ ఆస్తి పాత మూల పత్రం) నుంచి ఇప్పటి సేల్ డీడ్ దాకా గొలుసు తెగకుండా ఉందో లేదో చూడటం లాయర్ పని. అసలు కాగితాలు కళ్లారా చూడటం మన పని. రిజిస్ట్రేషన్ తేదీ ఖరారయ్యాక, దానికి రెండు మూడు రోజుల ముందు కావేరిలో ఈసీ ఇంకోసారి తీయండి. మొదటిసారి తీసిన రోజుకూ ఆ రోజుకూ మధ్య ఆ ఇంటి మీద కొత్తగా ఇంకేమైనా రిజిస్టర్ అయిందేమో అందులో చూసుకుని, అప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు బయలుదేరండి.